వెనక వదిలిన గాలి

రేసు కార్లు నడిపిన మొదటి ఏడాది మొత్తంలో ఇర్ఫాన్ ఒక్క కారును కూడా దాటలేదు. ఎనిమిదో స్థానంలో మొదలుపెడితే ఎనిమిదో స్థానంలోనే ముగించేవాడు. ముందున్న కారు ఏదైనా చెడిపోయి ఆగితే ఆ రోజుకి ఏడో స్థానం దక్కేది.

గురజాల బస్టాండు వెనక అతని తండ్రి యాకూబ్‌కు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. రేసు ఉన్న ఆదివారం యాకూబ్ ఫోన్‌ని ఆయిల్ డబ్బాకు ఆనించి పెట్టేవాడు. రిపేరుకి వచ్చిన రైతులు కూడా దాని చుట్టూ మూగేవాళ్లు. ముప్పావుగంట సేపు కొడుకు కారు ఒకే కారు వెనక తిరుగుతూ ఉండేది. ఎవరో ఒకరు నవ్వేవారు. సాయంత్రం యాకూబ్ ఫోన్ చేసేవాడు.

"ఏందిరా, ఆ ముందు బండి ఎనకమాలే తిరగతన్నావ్? దాటెయ్యరాదూ?"

"దాటలేకపోతన్నా అబ్బా."

"ఏం, ఇంజన్ లాగట్లా?"

"ఇంజన్ బానే లాగతంది. గాలే నిలబడనీట్లా."

యాకూబ్‌కు ఆ మాట సాకులా వినబడేది.

ఇర్ఫాన్ రేసుల్లోకి మెకానిక్‌గానే వెళ్లాడు. నరసరావుపేటకు చెందిన ఆనంద్ బాబు అనే ఇంజినీరు హైదరాబాదులో ఒక రేసు జట్టుకు పనిచేసేవాడు. యాకూబ్ షెడ్డులో ఇర్ఫాన్ చేతిపని చూసి తన వెంట తీసుకెళ్లి, పిల్లలు నడిపే చిన్న కార్టు బండ్ల దగ్గర పనికి పెట్టాడు. బాగుచేసిన బండిని ఒకసారి నడిపి చూడాలి కదా. అలా నడిపి చూసినప్పుడల్లా ఇర్ఫాన్ అక్కడి శిక్షకుల కంటే త్వరగా చుట్టు పూర్తి చేసేవాడు. పోటీలకు పంపితే కప్పులు తెచ్చాడు. కార్టుకు రెక్కలుండవు. ఒక్క మలుపులో ఇద్దర్ని దాటొచ్చు. గుండె ధైర్యం ఉంటే చాలు. జట్టు అతన్ని పెద్ద కార్లలోకి ఎక్కించింది. నేలకు జానెడెత్తులో పరిగెత్తే, ఒక్క మనిషే పట్టే, ముందూ వెనకా రెక్కలున్న కార్లవి. అక్కడ ధైర్యం దేనికీ పనికిరాలేదు.

మొదటి ఏడాది మధ్యలో ఇంటికొచ్చినప్పుడు తండ్రీ కొడుకులు సామాన్ల కోసం మోటారు సైకిలు మీద దాచేపల్లి బయల్దేరారు. యాకూబ్ నడుపుతున్నాడు. ముందు మిరపకాయ బస్తాలు ఎత్తుగా పేర్చుకున్న లారీ పోతోంది. యాకూబ్ దాని వెనక దగ్గరగా వెళ్లేసరికి బండి అటూ ఇటూ ఊగింది.

"హ్యాండిలు తేలిపోతందేందిరా?" అన్నాడు యాకూబ్.

"ఇదే అబ్బా నేను చెప్పేది. ముందు బండి గాలిని చిందరవందర చేసి ఎనక్కి వదుల్తది. మా కారు రోడ్డుకి అతుక్కునేదే గాలి ఒత్తిడితోటి. రెక్కల మీద చెదరని గాలి పడాల. ఇంకోడి ఎనక పోతే ముందు రెక్క మీద గాలి పడదు. మలుపులో స్టీరింగు తిప్పినా మూతి తిరగదు, జారతది. జారేకొద్దీ టైరు కాలి, పట్టు పోద్ది."

యాకూబ్ హారన్ కొట్టి లారీని దాటేశాడు. దాటాక వెనక్కి తిరిగి, "దాటానా లేదా?" అన్నాడు.

"ఆ లారీ మనకంటే నెమ్మదిగా పోతంది అబ్బా. అక్కడ అందరిదీ ఒకటే ఇంజను, ఒకటే టైరు. తిన్నని రోడ్డు మీద ఎనకుంటే లాభమే, గాలి అడ్డం ఉండదు. కానీ అంతకు ముందు మలుపులోనే ఎనకబడిపోతాం కదా. బ్రేకు కాడ దాటదామంటే ఆ బ్రేకులు చిటికెలో ఆపేస్తయ్, చోటే దొరకదు. పక్కకొస్తే అంతా టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు, పట్టు దొరకదు."

యాకూబ్‌కు అర్థమైంది. అయినా షెడ్డులో రైతులకు ఇదంతా చెప్పలేక, "ఈసారి దాటతాళ్లే" అంటూ ఉండేవాడు.

ఆ కార్లలో తెలుగు మాట్లాడే డ్రైవరు ఇంకొకరే ఉన్నారు, కృష్ణానది అవతల మిర్యాలగూడ అమ్మాయి దేవిక. ఇర్ఫాన్ కంటే మూడేళ్లు పెద్దది. వేరే జట్టు. రేసు అయిపోయాక అతను హెల్మెట్ తీసి టైర్ల మీద కూలబడితే వచ్చి పక్కన కూర్చునేది.

"ఏం తమ్మీ, ఇయ్యాల గూడ గాలి తిన్నవా?"

"కడుపు నిండా తిన్నా అక్కా."

"అతుక్కొని పోతే గంతే. టైర్లు సచ్చిపోతయి. జెర ఎన్కకు తగ్గు. సల్లవడనియ్యి. తర్వాత ఒక్కసారే రా."

ఆమె చెప్పినట్టు చేశాక ఇర్ఫాన్ రెండో ఏడాది మొదట్లో ఒక కారును దాటాడు. తర్వాత ఇంకొకటి. ముందున్నప్పుడు ఏం చేయాలో కూడా ఆమే చెప్పింది. "ముందట నువ్వుంటే ఊకె అద్దంల చూస్కుంట గాబరా పడకు. నీ లైన్ ఇడువకు, నువ్వు వోయే దారిలనే పో. ఎన్కనోన్ని నీ గాలే ఆపుతది." ముందుండే అవకాశం అప్పటిదాకా అతనికి రాలేదు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

ఆ అవకాశం ఆ ఏడాది చివరి నుంచి రెండో రేసులో వచ్చింది. తమిళనాడులో ట్రాక్. ముందురోజు అర్హత పరుగులో ఇర్ఫాన్ రెండో స్థానం సంపాదించాడు. రేసు మొదలవగానే మొదటి స్థానంలో ఉన్న కారు కదలకుండా ఆగిపోయింది. మొదటి మలుపు తిరిగేసరికి ఇర్ఫాన్ ముందు ఎవరూ లేరు. రేసులో మొదటిసారి అతని కారుకు శుభ్రమైన గాలి తగిలింది. స్టీరింగు ఎంత తిప్పితే మూతి అంత తిరిగింది. రేసులో కారు ఇలా నడుస్తుందని అతనికి తెలియనే తెలియదు.

వెనక దేవిక ఉంది. ఆమె కారు ఆ రోజు అతని కారు కంటే వేగంగా ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

రేడియోలో ఆనంద్ బాబు గొంతు వినబడుతూనే ఉంది. "లైన్ వదలొద్దు. ఆమె టైర్లు వేడెక్కుతున్నాయి. దగ్గరకొచ్చినంతసేపూ మనకే మంచిది."

ఆ ట్రాక్‌లో యాక్సిలరేటరు మీంచి పాదం తీయకుండా తిరగాల్సిన పెద్ద కుడి మలుపొకటి ఉంది. దానికి ముందు ఒక చిన్న మలుపు. చిన్న మలుపు దగ్గర ఇర్ఫాన్ అవసరానికంటే ఒక రవ్వ ముందుగా బ్రేకు నొక్కడం మొదలుపెట్టాడు. అలా చేస్తే దేవిక కారు అతని వెనక రెక్కకు మరీ దగ్గరవుతుంది. పెద్ద మలుపంతా అతను వదిలిన గాలిలోనే తిరగాల్సి వస్తుంది. నిబంధనల్లో దానికి అడ్డు లేదు. ముందున్న ప్రతివాడూ చేసే పనే. రెండేళ్లపాటు అతనికీ అందరూ అదే చేశారు.

అద్దంలో దేవిక కారు మూతి వణకడం కనిపించింది. చుట్టు చుట్టుకీ ఆమె స్టీరింగు సర్దుకోవడం ఎక్కువైంది. ఆమె వెనక్కి తగ్గుతుందనుకున్నాడు. తగ్గమని తనకు చెప్పిన మనిషే కదా. కానీ చుట్లు ఇక కొన్నే మిగిలాయి, ఆమె తగ్గలేదు. అతను మళ్లీ ముందుగా బ్రేకు నొక్కాడు. పెద్ద మలుపులోకి ఇద్దరూ కలిసే వెళ్లారు. బయటికి వచ్చి అద్దంలో చూస్తే వెనక రోడ్డు ఖాళీగా ఉంది.

ఎర్ర జెండాలు ఊపారు. రేసు ఆపేశారు. అంతకు ముందు చుట్టులో ఎవరెక్కడున్నారో లెక్కగట్టి ఇర్ఫాన్ గెలిచినట్టు ప్రకటించారు. ఆమె కారు మలుపు తిరగకుండా నేరుగా వెళ్లి టైర్ల గోడను గుద్దుకుందని, మనిషిని బయటికి తీస్తున్నారని ఎవరో చెప్పారు. అతని చేతిలో కప్పు పెట్టారు. చప్పట్లు లేవు.

ఆ సమయానికి గురజాలలో యాకూబ్ షెడ్డు ముందు మిఠాయి పంచుతున్నాడు. వెనక కారు ఎవరిదో, దానికి ఏమైందో ఫోన్‌లో చూపించలేదు. రాత్రి కొడుకు ఫోన్ ఎత్తకపోతే సంతోషంలో మునిగి ఉన్నాడనుకున్నాడు. మర్నాడు సంగతి తెలిశాక మిగిలిన మిఠాయి పొట్లాన్ని మసీదు ముందున్న మేకలకు వేశాడు. ఆ ఆదివారం గురించి తండ్రీ కొడుకులు మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

దేవిక వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. విచారణలో ఇర్ఫాన్‌ను పిలిచి ఒకే ప్రశ్న అడిగారు, లైన్ మార్చావా అని. మార్చలేదన్నాడు. కారులోని కంప్యూటరు కూడా అదే చెప్పింది. పోటీలో జరిగిన ప్రమాదమనీ, ఎవరి తప్పూ లేదనీ తేల్చారు.

చివరి రేసులో ఇర్ఫాన్ నడిపాడు. ముందు కారుకు దగ్గరగా వెళ్లలేకపోయాడు. అతన్ని ఆపింది గాలి కాదు. గాలి తగిలేంత దగ్గరికి వెళ్లకముందే అతని పాదం దానంతటదే పైకి లేచింది. "దగ్గరకెళ్లు, దగ్గరకెళ్లు" అని ఆనంద్ బాబు అంటూనే ఉన్నాడు. వెనకున్న కారు అద్దంలో కనబడితే పక్కకు తప్పుకుని దారిచ్చాడు. మరుసటి ఏడాదికి జట్టు వేరేవాణ్ని తీసుకుంది. ఇర్ఫాన్ గురజాల వచ్చి షెడ్డులో పనికి కూర్చున్నాడు.

ఆస్పత్రి నుంచి దేవికను ఇంటికి తెచ్చారని తెలిశాక చాలా రోజులు తాత్సారం చేసి, ఒకనాడు పొందుగుల వంతెన మీదుగా మిర్యాలగూడ బస్సెక్కాడు. తలుపు తీసింది ఆమె తల్లి ప్రభావతి. కూతురితో పాటు రేసులాడే పిల్లవాడని విని ఎంతో ఆదరంగా లోపలికి పిలిచి, టీ పెట్టడానికి వెళ్లింది.

దేవిక కిటికీ పక్కన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. జుట్టు కత్తిరించేశారు. ఇర్ఫాన్ నిలబడే ఉన్నాడు. ఏం మాట్లాడాలో అనుకుని వచ్చినవన్నీ మర్చిపోయాడు.

"చిన్న మలుపు కాడ ముందుగల్ల బ్రేక్ కొట్టినవా?" అని ఆమే అడిగింది.

"కొట్టా."

"అన్ని చుట్లా?"

"చివర్లో అన్నీ."

"నేనున్నా గదే చేస్తుంటి" అంది. ఇర్ఫాన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ మాట కోసమే వచ్చానని అప్పుడు తెలిసింది. కానీ ఆమె చెప్పాల్సింది ఇంకా అయిపోలేదు.

"తప్పు నీది గాదు, తమ్మీ. గాలి నిలవడనియ్యదని ఎరికే ఉండి నేనే దగ్గరికొచ్చిన. కానీ నిన్ను చూస్తే నాకు ఆ మలుపే కనవడుతది. మళ్ల రాకు."

టీ కప్పుతో ప్రభావతి వచ్చింది. అతను నిలబడే తాగేసి సెలవు తీసుకున్నాడు. ఆమె గేటు దాకా వచ్చింది. "మొదట్ల అందరొచ్చిండ్రు బిడ్డా. ఇప్పుడు ఎవ్వలొస్తలేరు. నువ్వన్న అప్పుడప్పుడు వచ్చి పోతుండు" అని ఫోన్ నంబరు అడిగి తీసుకుంది. కూతురు ఏమందో ఆమెతో చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

తర్వాతి వేసవిలో ఆనంద్ బాబు షెడ్డుకి వచ్చాడు. కొత్త కార్లు వస్తున్నాయట. రెక్కలు చిన్నవి చేసి, కారు అడుగుభాగంతోనే నేలకు అతుక్కునేలా తయారుచేశారట. "ఇప్పుడు దగ్గరగా వెళ్లినా పట్టు మరీ పోదు ఇర్ఫాన్. దాటడం తేలికవుద్ది. మెకానిక్‌గానైనా రా."

"అసలే పోదా సార్, తక్కువ పోద్దా?"

ఆనంద్ బాబు అబద్ధం చెప్పే మనిషి కాదు. "తక్కువ పోద్ది" అన్నాడు.

ఇర్ఫాన్ పానా తీసుకుని ట్రాక్టరు కిందికి దూరాడు. ఆనంద్ బాబు కాసేపు యాకూబ్‌తో మాట్లాడి వెళ్లిపోయాడు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ప్రభావతి ఫోన్ చేసింది. దేవిక చక్రాల కుర్చీ ఒకవైపు బిగుసుకుపోయిందట, ఆ ఊళ్లో చూసినవాళ్లకు చేతకాలేదట. "బిడ్డ పొద్దుగాల నుంచి మంచం మీదనే ఉంది" అంది. ఇర్ఫాన్ పానాలూ, గ్రీజు డబ్బా, నాలుగైదు కొలతల బేరింగులూ సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

లోపలికి వెళ్లలేదు. వసారాలో కూర్చుని చక్రం విప్పాడు. బేరింగులో నీళ్లు దిగి తుప్పు పట్టింది. వెంట తెచ్చిన కొత్తది వేస్తుండగా ప్రభావతి అతన్ని పేరు పెట్టి పిలిచి మంచినీళ్లిచ్చింది. లోపల గదిలో టీవీ మోగుతోంది. ఆ పేరు వినబడగానే టీవీ శబ్దం ఒక్కసారిగా పెరిగింది. ఆ తర్వాత ప్రభావతి ఏమందో అతనికి వినబడలేదు.

రెండో చక్రం కూడా విప్పి గ్రీజు పెట్టాడు. కుర్చీని వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిపించి, తేలిగ్గా తిరుగుతోందని చూసుకుని, తలుపు దగ్గర వదిలిపెట్టాడు. సంచి సర్దుకుని వానలోనే బస్టాండుకి నడిచాడు.