టీచరమ్మ చెవి మిషన్

2004 మే నెల. సింగపూర్ లాడ్జి గదిలో పొద్దున తొమ్మిదిన్నరకు బాలమణక్క కత్తెర తీసుకుని డబ్బాలు చించడం మొదలుపెట్టింది. ప్రతి ప్రయాణంలోనూ చివరి రోజు పని అదే.

ఇబ్రహీంపట్నంలో నాది ఫ్యాన్సీ దుకాణం. బాలమణక్క ఇంటింటికీ తిరిగి అమ్మేది. సాగర్ రోడ్డు పొడవునా ప్లాట్లు అమ్ముడుపోతున్న రోజులు. ఫారిన్ సామానంటే జనం ఎగబడేవాళ్లు. ఇద్దరం ఏడాదికి రెండుసార్లు వెళ్లి క్లిప్పులు, గడియారాలు, సెంటు సీసాలు తెచ్చేవాళ్లం. విమానంలో ఒక్కో టికెట్‌కు ఇంత బరువని ఉంటుంది, దాన్ని బ్యాగేజీ అంటారు. అందుకే డబ్బాలు, కాగితాలు పారేసి వస్తువులు మాత్రమే సర్దుకునేవాళ్లం. దాన్ని లూజ్ చేయడం అనేవాళ్లం. అక్కంత బాగా లూజ్ చేసేవాళ్లను నేను చూడలేదు.

ఆసారి మా వీధిలో ఉండే సుజాత టీచర్ కోసం చెవి మిషన్ కూడా కొన్నాం. వెనక బెంచీ పిల్లలు అడిగేది ఆమెకు వినిపించడం లేదు. జూన్‌లో బడి తెరిచేలోపు ఏదో ఒకటి చేసుకో, లేకపోతే మానుకో అని బడివాళ్లు చెప్పేశారు. పిల్లల కంటపడకుండా చెవిలో ఇమిడేది తెచ్చిపెట్టమని ఆమె అడిగింది. తెలిసినవాళ్లు అడిగితే లాభం చూసుకోకుండా తెచ్చివ్వడం మా అలవాటు.

“టీచరమ్మది గూడ చించినవా అక్కా?” అన్నాను.

“మరి అట్టముక్కలకు గూడ టికెట్ కొనాల్నా? మిషన్ పైలంగ పెట్టిన, ఫికర్ చెయ్యకు.”

ఇంటికొచ్చి సుజాత పెట్టుకుని చూస్తే మిషన్ చెవిలో నిలవలేదు. ఊరికే కూత పెట్టింది. కొన్న షాపుకు ఫోన్ చేశాం. డబ్బా అడుగున స్పాంజి కింద వేరే సైజుల రబ్బరు బుడిపెలు ఉంటాయని, చెవికి సరిపోయేది తగిలించుకోవాలని చెప్పారు. కోఠి అంతా తిరిగాం. దొరికినవేవీ దానికి పట్టలేదు.

“పోనీ తియ్యక్కా. నా కోసం గంత దూరం నుంచి తెచ్చిన్రు, అదే మస్తు,” అంది సుజాత.

బాలమణక్క తల వంచుకుని మెల్లగా అంది: “ఒక్క మాట తిట్టరాదు బిడ్డా. నాకు జర నిమ్మళమైతది.”

“ఏమన్నవక్కా?” అంది సుజాత.

అక్క మళ్లీ అనలేదు.

దసరా ముందు వెళ్లినప్పుడు బుడిపెలు తెచ్చాం. మిషన్ చక్కగా పనిచేసింది. సుజాత క్లాసుకు అప్పటికే వేరే టీచర్ వచ్చేసింది.

అక్క పోయి రెండేళ్లయింది. బరువు తగ్గించే పనిలో చెయ్యి తిరిగాక, పారేసేదాంట్లో ఏముందో చూడడం మానేస్తామని ఆ ఏడు తెలిసింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్లాం, సామాను తెచ్చాం, అమ్ముకున్నాం. అడిగినవాళ్లకు తెచ్చిపెట్టడం మాత్రం మానేశాం.