మా అక్కా, అబద్ధమాడిన థర్మామీటరూ

మా అక్కతో వాదించి నెగ్గినవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు. యాభై దాటింది, పెళ్ళి వద్దనుకుంది, వెనక వంటగదిలో జామ్ కాచి అమ్ముతుంది. నేను ఆమె చెల్లెల్ని. పళ్ళు తరుగుతాను, తిట్లు తింటాను. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయంటారు గానీ మా అక్క మరగడానికి అంత వేడి అక్కర్లేదు.

జామ్ అయిందో లేదో ఇన్నాళ్ళూ గరిటె ఎత్తి, జారే తీరు చూసి చెప్పేది. ఆవిరికి కళ్ళజోడు మసకబారుతోందని, వీధి చివర తూకాలు బాగుచేసే ఆయన దగ్గర ఒక థర్మామీటరు కొంది. తెచ్చి మరుగుతున్న జామ్‌లో ముంచితే నూట నాలుగు చూపించింది.

"చూశావే? మరిగితే నూరుండాలి కదా! నన్ను పట్టుకుని మోసం చేస్తాడా?" అంటూ కొంగు బిగించి దుకాణం మీదికి వెళ్ళింది. తూకాలాయన టీ గిన్నెలో నీళ్ళు మరిగించి, దాన్ని ముంచి చూపించాడు. సరిగ్గా నూరు. ఇంటికొచ్చాక జామ్‌లో మళ్ళీ నూట నాలుగే.

"అక్కడ ఏదో మాయ చేశాడు. పిలుచుకురా వాణ్ణి!" అంది అక్క.

ఆయన వచ్చాడు. భార్య పోయి చాలాకాలమైన మనిషి, నెమ్మదస్తుడు. రెండు పొయ్యిలు వెలిగించి, ఒకదానిమీద నీళ్ళు, ఒకదానిమీద జామ్ పెట్టించాడు.

"ఉత్త నీళ్ళు నూరు దగ్గరే ఆవిరైపోతాయండీ. చక్కెర కరిగి ఉందనుకోండి, నీళ్ళు అంత తేలిగ్గా ఆవిరి కావు. ఇంకాస్త వేడి తగలాలి. నీళ్ళు ఇగిరేకొద్దీ చక్కెర వంతు పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. నూట నాలుగుకొచ్చిందంటే మీ జామ్ చిక్కబడినట్టే."

"అదంతా చక్కెర గొప్పేనా? ఉప్పు వేస్తే?"

"ఉప్పైనా అంతేనండీ. కాస్త గట్టిగానే వెయ్యాలి."

అక్కకు అర్థమైంది. అయినా ఒప్పుకుంటుందా? నారింజ జామ్‌కి ఒకసారి, రేగు జామ్‌కి ఒకసారి మళ్ళీ అనుమానమొచ్చిందని కబురు పెట్టింది. ఆయన వచ్చేవాడు, లెక్క సరిగానే ఉందనేవాడు, రొట్టెముక్క మీద జామ్ రాసుకుని తిని వెళ్ళేవాడు. ఆయన వచ్చే పూట అక్క తల దువ్వుకునేది. నేను నవ్వితే గరిటె చూపించేది.

పాపం, పళ్ళన్నీ అయిపోయాయి, అనుమానాలూ అయిపోయాయి. ఆయన రావడం మానేశాడు. అక్క పైకి గంభీరంగానే ఉంది గానీ గేటు చప్పుడైతే చాలు, తల తిప్పేది. ఆయనిక రాడేమోనని ఆమెకు బెంగ. నోరు తెరిచి రమ్మనమంటే మాత్రం ప్రాణం పోతుంది. నాకు జాలేసింది, ఒళ్ళూ మండింది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి కేకేసింది. "ఒసేయ్, ఆయన్ని పిలుచుకురా! ఈసారి ఉత్త నీళ్ళలోనే నూట రెండు చూపిస్తోంది. ఇప్పుడేమంటాడో చూస్తా!"

నేను చెప్పులు వేసుకుంటూ వంటగట్టు వైపు చూశాను. పొద్దున నిండుగా ఉన్న ఉప్పు డబ్బా ఖాళీ. ఓరి నాయనో అనుకున్నాను.

ఆయన వచ్చి థర్మామీటరు చూశాడు. నూట రెండే. మరుగుతున్న గిన్నెలోంచి చెంచాడు నీళ్ళు తీసి, ఊది, నాలిక మీద వేసుకున్నాడు. మొహం ఒక్కసారి ముడుచుకుపోయింది. ఇప్పుడు ఉప్పని పైకి అన్నాడంటే అక్క సిగ్గుతో చచ్చిపోతుంది, బతికున్నన్నాళ్ళూ ఆ దుకాణం వైపు కన్నెత్తి చూడదు. అక్క గోడవైపు తిరిగి, తుడిచిన సీసానే తుడుస్తోంది.

ఆయన చెంచా కింద పెట్టాడు.

"నిజమేనండీ, బాగా పాడైపోయింది. ఒక్క పూటలో తేలే పని కాదు. రోజూ సాయంత్రం వచ్చి చూడాల్సిందే."

"చూడాలి మరి! అమ్మింది మీరే కదా!" అంది అక్క, ఇంకా గోడకేసి చూస్తూనే. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆ పూట ఆయన మా ఇంట్లోనే భోంచేశాడు. కూరలో వెయ్యడానికి ఇంట్లో చిటికెడు ఉప్పు లేదు. వట్టి చప్పిడి కూర, నాకు ముద్ద దిగలేదు.

"ఉప్పు సరిపోయిందా?" అని నేనే కావాలని అడిగాను. అక్క నా వైపు కొరకొరా చూసింది.

"అన్నీ సరిగ్గా సరిపోయాయండీ," అంటూ ఆయన మళ్ళీ వడ్డించుకున్నాడు.