ఒర్రె ఒడ్డున గడ్డి

నిన్న జగిత్యాల బస్టాండులో ఎవరో నా చేతిలో ఒక రంగుల కాగితం పెట్టి వెళ్లారు. కోరుట్ల పక్కన ఇళ్ల ప్లాట్ల వెంచరు, రెండో విడతట. బొమ్మలో నీలంగా మెరిసే ఒర్రె, అందులో రెండు హంసలు. నేను ఆ ఒర్రె, ఆ పిల్లవాగు పక్కనే పెరిగాను. బర్రెలను చూశాను, కొంగలను చూశాను, కప్పల వెంట పడే నీరుకట్టె పాములను చూశానుగానీ హంసను చూసిన పాపాన పోలేదు. నవ్వు రావాల్సింది పోయి ఒళ్లు మండింది. మొదటి విడతలో ఏం జరిగిందో నాకు తెలుసు. అందులో నా చెయ్యి కూడా ఉంది.

మా మేనత్త ఇల్లు ఆ ఒర్రె ఒడ్డునే. మగ్గాల వాళ్లకు నూలుకు రంగులు వేసి ఇవ్వడం ఆమె పని, పెరట్లో బావి ఆమె ఆస్తి. రంగు కలిపే ముందు ఒక తెల్లనూలు చుట్టను బావి నీళ్లలో ముంచి, తీగ మీద ఆరేసి చూసేది. దాని మీద ఏ కాస్త మరక కనిపించినా ఆ రోజు పొయ్యి వెలిగేది కాదు. ఒర్రెకూ బావికీ మధ్య నాలుగు గజాల తుంగ, గడ్డి, వెంపలి పొదలు. వాటి మీద కొడవలి పడనిచ్చేది కాదు, మేకను రానిచ్చేది కాదు. అత్తకు పిల్లలకన్నా గడ్డే ముద్దని వాడకట్టంతా ఎగతాళి చేసేది. ఆమె మాత్రం, "నీళ్లు గీ గడ్డిల వడపోసుకునే నా బాయిలకు వస్తయి" అనేది. ఆమెకు బడి చదువు లేదు. నాకు ఉంది, అదే కొంప ముంచింది.

వెంచరు వాళ్లు వచ్చినప్పుడు నేను జగిత్యాలలో పంతులమ్మను. పుట్టిన చోట ఒక ప్లాటు ఉండాలని మురిసిపోయి కొనుక్కున్నాను. వాళ్ల ప్లానులో ఒర్రె పొడుగునా ఆకుపచ్చ గీత ఉంది. కాగితం మీద పచ్చ పూసి నేల మీద పచ్చ చెరిపేసే విద్య అప్పటికి నాకు తెలియదు. బావి వైపు ఒడ్డు అత్త పేరున ఉంది కాబట్టి, దాన్ని చదును చేయడానికి ఆమె వేలిముద్ర కావాలన్నారు. ఆమె నా మొహం చూసి, "గా ఒడ్డు తీసేస్తే బాయి ఎట్లుంటది బిడ్డా?" అని అడిగింది. ఇంజనీర్లకు తెలియదా అత్తా, పాముల బాధ కూడా పోతుంది అన్నాను. వేలు ముందుకు చాపింది.

జేసీబీ వచ్చింది, ఎర్రటి మొరం మట్టి పోసింది, పోయింది. ఒక్క గడ్డిపోచ మిగల్చలేదు, మన్ను జారకుండా ఒక అడ్డుకట్ట వేయలేదు. మొదటి వానకే మొరమంతా కరిగి ఒర్రెలోకీ, బావిలోకీ దిగింది. అత్త ముంచిన తెల్లనూలు ఇటుక రంగులో బయటికి వచ్చింది. దాన్ని పట్టుకుని వెంచరు ఆఫీసుకు పోతే, వానాకాలం నీళ్లు అట్లనే ఉంటాయని కుర్చీలోంచి లేవకుండానే చెప్పారట. ఆ మాట అన్నవాడు తాగే నీళ్లు మాత్రం డబ్బాలో వస్తాయి. తర్వాత అత్త బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. తిట్టలేదు. నూలును నా ఒళ్లో పెట్టింది.

"సదువుకున్నదానివి, నువ్వు చెప్పు బిడ్డా. గిది ఏం రంగు?"

మర్నాటి నుంచి ఆఫీసుల చుట్టూ అర్జీలు పట్టుకుని తిరిగాను. వచ్చి చూసినవాళ్లు ఎండాకాలంలో వచ్చి, నీళ్లు తేటగానే ఉన్నాయని రాసుకుపోయారు. మూడు వానాకాలాలు చూసి అత్త రంగుల బానలు బోర్లించింది, సిరిసిల్లలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఫోన్లో ఇప్పటికీ బావి సంగతే అడుగుతుంది. తేరుకుంటోందని అబద్ధం చెబుతాను. ఆ ఒడ్డు అలా అల్లుకోవడానికి ఎన్ని తరాల వానలు కురిశాయో ఎవరికీ తెలియదు. పోవడానికి ఒక పూట యంత్రం, నా నోటి నుంచి ఒక్క మాట సరిపోయాయి.