అమ్మీ కొలతపుల్ల

చిత్తూరు సమీవుల్లా మంచాలు ఈ పొద్దు పదకొండు దేశాల్లో అమ్ముడుపోతున్నాయి. దుబాయిలో మూడు అంగళ్లు, మలేషియాలో రెండు, చిత్తూరు కార్ఖానాలో నాలుగు వందల మంది పనివాళ్లు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషి! జిల్లా అధికారులు శాలువా కప్పినారు, రెండు సార్లు. బ్యాంకు గడప తొక్కకుండానే అంగడి పెట్టినాడు. అన్న సైఫుల్లా ఆటో అమ్మి ఇచ్చినాడు. తల్లి అన్వరీ బేగం ఇరవై ఏళ్లు బడిపిల్లల చొక్కాలు కుట్టిన మిషను అమ్మి ఇచ్చింది.

అన్నీ చెప్పుకోదగ్గవే. కానీ ఒక శుక్రవారం గడవకపోయి ఉంటే వీటిలో ఒక్కటీ ఉండేది కాదు.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. అంగడి తెరిచి ఏడు నెలలైంది, బేరాల్లేవు. "శుక్రవారం రాత్రి తొమ్మిదిలోపల బాడుగన్నా ఇయ్యి, తాళంచెవన్నా ఇయ్యి" అని అంగడి సొంతదారు తేల్చి చెప్పేసినాడు. చేతిలో ఉన్నది ఒకే ఒక్క పని. వడమాలపేటలో యోగానంద అనే ఆయన కట్టిన కొత్త సత్రానికి ఎనిమిది మంచాలు. ఆ శుక్రవారమే నాలుగు గంటలకు సత్రంలో మొదటి యాత్రికులు దిగాలి.

తెల్లారి చూస్తే మాట్లాడుకున్న టెంపో రాలేదు. తల్లీకొడుకులు మంచాలు బస్టాండుకు మోయించినారు. కండక్టరు భానుచందర్ నడుం మీద చేతులు పెట్టుకుని చూసినాడు.

"ఏం సాయిబూ, బస్సు మీద పడకటిల్లు కడతావా? కట్టెలమోపు మాదిరి కట్టుకుంటే ఎక్కిస్తా. ఇట్ల నిలువు మంచాలైతే మాత్రం నా వల్ల కాదు."

సమీవుల్లా ఆడనే మంచాలు ఊడగొట్టినాడు. అతని మంచంలో ఒక్క మేకు ఉండదు. ప్రతి పట్టె కొసనూ ఒక్కో కోడులోని, అంటే మంచం కాలులోని, బెజ్జానికి పట్టేటట్టు చేత్తో చెక్కుతాడు. "నా పట్టె ఇంకో కోడు గడప తొక్కదు" అని అంగట్లో మీసం తిప్పేవాడు. ఏది దేంట్లోదో సుద్దముక్కతో గుర్తులు రాసి మోపులు కట్టినాడు.

తిరుపతి దాటినాక వాన పట్టుకుంది.

సత్రం వసారాలో మోపులు విప్పితే సుద్ద గుర్తు ఒక్కటీ లేదు. ముప్పై రెండు కోళ్లు, ముప్పై రెండు పట్టెలు, కంటికి అన్నీ ఒకే తీరు. ఒక పట్టె తీసుకుని బెజ్జంలో కొడితే వదులు. ఇంకోటి కొడితే దిగదు. మధ్యాహ్నం పన్నెండు దాటే సరికి నిలబడింది ఒకే ఒక్క మంచం. అరచేతులు బొబ్బలెక్కినాయి.

యోగానంద వచ్చి చూసినాడు. "ఏమప్పా, మంచాలు తెమ్మంటే వంటచెరకు తెచ్చినావే! నాలుక్కి జనమొస్తారు. అప్పటికి నిలబడినవే నావి. తక్కినవి నువ్వే ఎత్తుకోని పో."

సమీవుల్లా కట్టెల మధ్య కూలబడినాడు. అన్న ఆటో కళ్ల ముందు తిరిగింది. "అయిపాయె అమ్మీ. నీ మిషను నేను మింగేసినా."

అన్వరీ బేగం కొడుకును ఓదార్చలేదు. "నలభై చొక్కాలు కుట్టేటప్పుడు ఏ గుండీ ఏ కాజాదని నేనెప్పుడన్నా ఎతుక్కున్నానా?"

"అది గుడ్డ అమ్మీ. ఇది కొయ్య."

"కొయ్యకు కొలత ఉండదా? ప్రతిదానికీ ఒక్కో కొలత పెట్టి గొప్ప అనుకున్నావు. సూడు ఇప్పుడు."

ఆమె నడుముకు ఎప్పుడూ ఒక వెదురుపుల్ల దోపుకుని ఉండేది. దాని మీద గంట్లు. కాజాలకు కొలత పెట్టుకునే పుల్ల అది. మిషను పోయినా పుల్ల దోపుకునే అలవాటు పోలేదు. ఆ పుల్ల తీసి పట్టె కొసలు కొలిచింది, బెజ్జాలు కొలిచింది. లావువి ఒక కుప్ప, సన్నవి ఒక కుప్ప, మధ్యరకం ఒక కుప్ప వేసింది. అప్పుడు ఏ కుప్ప పట్టెలను ఆ కుప్ప కోళ్లలోనే వెతికితే చాలు. సమీవుల్లా నీళ్లు కూడా తాగకుండా కొట్టినాడు.

నాలుగింటికి యాత్రికుల బస్సు ఆగినప్పుడు ఆరు మంచాలు నిలబడినాయి. రెండు నిలబడలేదు. యోగానంద అన్న మాట ప్రకారం ఆరు మంచాలకే డబ్బులిచ్చినాడు. అది బాడుగకు సరిపోయింది, బస్సు చార్జీలకు సరిపోయింది. ఇంట్లోకి బియ్యానికి మిగల్లేదు.

తిరుగు బస్సులో సమీవుల్లా తల్లి పక్కన కూర్చున్నాడు. నెత్తిన, బస్సు పైన, మిగిలిన రెండు మంచాల కట్టెలు గతుకులకు టకటకమంటున్నాయి.

"అమ్మీ, ఆ పుల్ల నాకిస్తావా?"

"తీసుకో బేటా. కొలిచి కుట్టేదానికి నాకిప్పుడు మిషను ఉండాదా ఏంది?"

ఆమె నవ్వలేదు. అతను తల వంచుకునే తీసుకున్నాడు.

తొమ్మిది కొట్టకముందే బాడుగ కట్టేసినాడు. మరుసటి రోజు ఆ రెండు మంచాల పట్టెల కొసలన్నీ కోసేసినాడు. మీసం తిప్పుకున్న పనితనం పొట్టు పొట్టుగా కాళ్ల కింద రాలింది. బెజ్జాలన్నీ పుల్ల మీది మూడో గంటు కొలతకు తొలిచి, కొసలు అదే కొలతకు మళ్లా చెక్కినాడు. తర్వాత కళ్లు మూసుకుని ఒక పట్టె తీసుకున్నాడు, చేతికందిన కోడులో కొట్టినాడు.

దిగింది.

ఇంకోటి కొట్టినాడు. అదీ దిగింది. ఇంక గుర్తులతో పనిలేదు, మంచాన్ని మోపు కట్టి ఏ ఊరికన్నా పంపొచ్చు. అప్పుడు గానీ అంగడి తాళంచెవి మొలతాడుకు కట్టుకోలేదు సమీవుల్లా.