కూర్చునే ఉన్న టీచరు

డెబ్బైల మొదట్లో నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో కొత్తగా టీచరుగా చేరాను. ఆ ఏడే ఒక పెద్ద నాయకుడు పోయాడు. కొందరికి ఆయన దేవుడు. ఆయన ఏలుబడిలో పోలీసు కాల్పులకు పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం ఆయన పేరెత్తితే ఉమ్మేవారు. ఆయన పోయిన వార్త తెలిసిన పొద్దున అబిడ్స్‌లో బస్సు దిగేసరికి దుకాణాలు చాలావరకు మూసి ఉన్నాయి. ఒక సందు మొగలో ఎవరో నవ్వుతూ జిలేబీలు పంచుతున్నారు. నా చేతిలోనూ పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

సెలవిచ్చే ముందు బడిలో సంతాప సభ పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ మౌనం పాటించమనగానే అందరం లేచాం. నా పక్కనున్న లెక్కల టీచరు లేవలేదు. మెదక్ నుంచి వచ్చిన క్రైస్తవురాలు, మా అందరికీ అక్క. పిట్ట చచ్చినా పిల్లలచేత ప్రార్థన చేయించే మనిషి. ఒంట్లో బాగాలేదేమోనని వంగి చూశాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, దండ వేసిన ఫోటోకేసి తిన్నగా చూస్తోంది.

సభ అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ మా దగ్గరికే వచ్చింది.

"ఏమిటమ్మా ఇది? పోయినవాళ్ళ మీద కూడా కోపమేనా?"

"కోపం కాదు మేడం. మా తమ్ముడు గా కాల్పులల్లనే పోయిండు. మా ఇంటికి ఒక్కలు గూడ రాలే. తప్పయిందని ఒక్క మాట అనలే. లేద్దామనే అనుకున్న. కాళ్ళు లేస్తలేవు."

అక్కకు తమ్ముడుండేవాడని కూడా మాలో ఎవరికీ తెలియదు. హెడ్‌మిస్ట్రెస్ "ఇంటికి వెళ్ళండి" అని మెల్లగా అంది.

ఆ నాయకుడి మనవరాలు మా బడిలోనే ఆరో తరగతి. దినాలయ్యాక మళ్ళీ వచ్చింది. మధ్యాహ్నం అన్నాల వేళ దాని పక్కన ఎవరూ కూర్చోలేదు. అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని అటు నడుస్తుంటే ఏమంటుందోనని హడలిపోయి వెనకే వెళ్ళాను.

"తిన్నవా బిడ్డా? జర జరుగు, నేను గూడ గీడనే కూసుంట."

పిల్ల ముద్ద నోట్లో పెట్టుకోబోయి, "తాతయ్య..." అంటూ భోరుమంది. అక్క దాని తల పొట్టకు అదుముకుంది.

"ఏడువు బిడ్డా. నీకు తాతనే గద."

తమ్ముణ్ణి పోగొట్టుకున్నది నేనైతే ఆ పిల్ల మొహం చూడగలిగేదాన్నా?

ఆయన వర్ధంతికి బడిలో ఏటా సభ జరిగేది. అక్క ఆ రోజు సెలవడిగేది. హెడ్‌మిస్ట్రెస్ ఎందుకని అడగకుండా సంతకం పెట్టేది.