ముందు చుక్క

మా ఆవిడ పోయి పదిహేడు రోజులైంది. పంజాగుట్టలోని ఆసుపత్రిలో, మధ్యాహ్నం, నేను మంచినీళ్ళ సీసా నింపుకొని వచ్చేలోపు. అమీర్‌పేటలో ఆమె దగ్గర జీవశాస్త్రం కోచింగ్ తీసుకున్నవాళ్ళు మీలో ఉండవచ్చు. అందరికీ ఫోన్ చేసి చెప్పే శక్తి నాకు లేదు. అందుకే రాస్తున్నాను.

కణం బొమ్మను అందరూ బయటి గీతతో మొదలుపెడతారు. ఆమె బోర్డు నడుమ ముందు ఒక చుక్క పెట్టేది. అది కేంద్రకాంశం, కేంద్రకం లోపల ఉండే చిన్న ముద్ద. దాని చుట్టూ కేంద్రకం. బయటి గీత ఆఖరున. "లోపల ఎవరున్నారో చూడకుండా గోడ కట్టకండి" అనేది.

ఒకసారి గొడుగు ఇవ్వడానికి వెళ్ళి క్లాసు తలుపు దగ్గర నిలబడ్డాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

"మేడమ్, గంత చిన్న చుక్కకు గింత పెద్ద క్లాసా?"

"కణానికి కష్టమొస్తే ముందు తెలిసేది ఆ చుక్కకే."

"అంటే మస్తు ఫికర్ దానికి!"

"నీ వంతు ఫికర్ కూడా అదే పడుతోంది. కూర్చోమ్మా."

గదంతా నవ్వింది. గంట మోగితే చాలు, వాక్యం మధ్యలో ఉన్నా సరే, "మిగతాది రేపు" అని మార్కర్‌కు మూత పెట్టేసేది.

నేను కామర్స్ వాణ్ణి. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నాకూ చెప్పేది. ప్రోటీన్లు చేసే యంత్రాలు ఆ చుక్కలోనే తయారవుతాయట. వేడి, ఆకలి, విషం, ఏది తగిలినా ముందు అక్కడ పని చెడుతుంది. అప్పుడు కణంలో ఒక కాపలా ప్రోటీన్ పెరుగుతుంది. బాగయ్యేదైతే బాగుచేయిస్తుంది, కాకపోతే కణాన్ని చావమంటుంది. "చావడం కూడా కణానికి తెలిసిన పనేనండీ" అంది. నేను ఊకొట్టాను. చుక్క పెద్దదిగా ఉంటే కణం బాగా పనిచేస్తున్నట్టు, అన్న ఒక్క ముక్కే నా బుర్రలో నిలిచింది.

కిందటి వర్షాకాలం ఆమె చంక దగ్గరి గడ్డకు సూది పరీక్ష చేశారు. రిపోర్టు నేనే తెచ్చాను. జబ్బు పేరు లేదు. మరో పరీక్ష చేయించమని మాత్రం ఉంది. తెలియని మాటల నడుమ నాకు తెలిసింది ఒక్కటే కనిపించింది, కేంద్రకాంశాలు పెద్దవిగా, స్పష్టంగా ఉన్నాయని. మెట్రో స్తంభం పక్కన నిలబడి ఫోన్ చేశాను.

"భయం లేదు. కేంద్రకాంశాలు పెద్దవిగా ఉన్నాయట. నువ్వు చెప్పేదేగా!"

ఆ ముక్క మళ్ళీ చదవమంది, చదివాను.

"అవునండీ. బాగా పనిచేస్తున్నాయి."

"కాజాలు తేనా?"

"తెండి. మెత్తనివి చూసి తెండి, కిందటిసారి రాళ్ళు తెచ్చారు."

రెండు తింది. మామూలు పరీక్షేనని చెప్పి, రెండోసారి ఒక్కతే వెళ్ళివచ్చింది. నేను ఫోన్ చేసిన పది రోజులకు ఆ రెండో రిపోర్టు చేతపట్టుకుని డాక్టరు నాకు చెప్పాడు. ఆగకుండా పెరిగే రోగపు కణాల్లోనూ ఆ చుక్కలు అలాగే ఉబ్బుతాయని. ఆమెకు నా ఫోన్‌లోనే అర్థమైంది.

"ఎందుకు చెప్పలేదు?"

"అంత సంతోషంగా ఫోన్ చేశారు. ఆ సంతోషం ఉన్నన్నాళ్ళు ఉండనిద్దామనుకున్నాను."

ఆ పది రోజులు ఆమె ఒక్కతే మోసింది. నేను కూనిరాగం తీస్తూ తిరిగాను. అక్కణ్ణుంచి నేను ఇప్పటికీ ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

మందు మొదలుపెట్టారు. అది కూడా ఆ చుక్కనే దెబ్బ కొడుతుందని, అప్పుడు రోగపు కణాలు తమంతట తామే చావాలని చెప్పింది. జుట్టు పోయింది. గోళ్ళు నల్లబడ్డాయి. చావవలసినవి చావలేదు.

పోయే ముందురోజు పెన్ను అడిగింది. స్కాన్ కవరు ఒళ్ళో పెట్టుకుంది.

"మీకు సగమే చెప్పాను, నాదే తప్పు. ఇటు చూడండి."

నడుమ చుక్క పెట్టింది. దాన్ని దిద్ది దిద్ది పెద్దది చేసింది. ఇంతలో నర్సు సూది మందుతో వచ్చింది.

"అమ్మా, జర చెయ్యి ఇటియ్యి."

పెన్నుకు మూత పెట్టి నాకిచ్చింది. "మిగతాది రేపు" అంది.

ఆ కవరు నా బల్ల మీద ఉంది. రెండు మూడుసార్లు పెన్ను మూత తీశాను. చుట్టూ గీత ఎంత దూరంలో గీయాలో నాకు తెలియదు.