వదులుగా అల్లిన జంపఖానా

సహోదరులారా, సహోదరీలారా, నా ఎడమ చెయ్యి చచ్చుబడిన ఆ వానాకాలం గురించి చెప్పకపోతే నా ఇప్పటి సంతోషం మీకు అర్థం కాదు. మాది లింగంపేట పక్కన చిన్న ఊరు, నా పేరు సుగుణ, పెండ్లయి వచ్చిన నాటి నుంచి బీడీలు చుట్టే బతుకు నాది. ఒక పొద్దున చాట ముందు కూర్చుని తునికాకు తీసుకోబోతే జారిపోయింది, మళ్లీ తీస్తే మళ్లీ జారింది, చూస్తే ఎడమ చేతి వేళ్లు నా మాట వినడం లేదు. పక్షవాతమని డాక్టరు గారు మందులిచ్చి, చేతికి రోజూ ఏదో ఒక పని చెప్పమన్నారు. కానీ జడ వేసుకోవాలన్నా మా అత్తే దిక్కయింది. నేను ప్రార్థన మందిరానికి పోవడం ఆమెకు గిట్టదు. "మీ దేవునికి నీ చెయ్యి కనవడ్తలేదా" అని జడ వేస్తూ దెప్పేది, నాకు ఏడుపు ఆగేది కాదు.

ఒక ఆదివారం ఎల్లారెడ్డి మందిరంలో మోకాళ్లూని ప్రార్థించాను. "తండ్రీ, నా వేళ్లు నాకియ్యి. నీ ఇంట్ల ముసలోళ్లు సల్లటి బండల మీద కూసుంటున్నరు, గీ చేతులతోనే వాళ్లకు పెద్ద జంపఖానా అల్లి ఇస్త."

ఆ వారమే కామారెడ్డిలో బట్టలు కుట్టే మా అక్క, కత్తిరింపులో మిగిలిన ముక్కలన్నీ బస్తాల్లో కుక్కి బస్సులో పంపింది! నా ప్రార్థన సంగతి ఆమెకు తెలియనే తెలియదు, దేవునికే మహిమ. ముక్కలను పీలికలుగా చింపి, మూడు పాయలు మంచం కోడుకు కట్టి జడ అల్లడం మొదలుపెట్టాను. కుడి చెయ్యి ఆడుతోంది గాని ఎడమ చేతిలో పాయ నిలవదు. నాలుగు రోజులు ఓపిక పట్టిన మా అత్త చివరికి వచ్చి పక్కన కూర్చుంది. "నీ తిప్పలు సూడలేక సస్తున్న, ఇటియ్యి" అని ఆ పాయ తాను పట్టుకుంది.

అల్లిన జడను మా అత్త గుండ్రంగా చుట్టి పట్టుకుంటే, నేను కుడి చేత్తో దబ్బనం పట్టి అంచుకు అంచు కలిపి కుట్టాను. తీరా నేల మీద పరిస్తే అది పరుచుకోదు, అంచులు పైకి లేచి కూర్చున్నాయి. మా అత్త పగలబడి నవ్వింది. "గిది జంపఖానా గాదు, గంప. వడ్లు పోసుకో. బీడీకి దారం గుంజినట్టు గుంజుతివి, గింత బిగబడితే ఎట్ల పండుకుంటది? మలుపు కాడ జర వదులు ఇడువు."

నిజమే, వదులు బీడీని ఎవరూ తీసుకోరు, అందుకే బిగించడమే నా చేతులకు తెలిసిన విద్య. అంతా ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాను. అప్పుడు గమనించాను సహోదరులారా, నేను కుడి చేత్తో గట్టిగా లాగినంతసేపు ఎడమ వేళ్లు కూడా ముడుచుకుపోతున్నాయి, వదులుగా అల్లితే మెల్లగా విచ్చుకుంటున్నాయి! నా ప్రార్థన కూడా అలాగే ఉండేది, దేవుణ్ణి నమ్మానంటూనే పిడికిలి బిగించి కూర్చున్నాను. ఆ రోజు నుంచి "నీ ఇష్టం తండ్రీ" అంటూ పాయ తర్వాత పాయ వేస్తూ పోయాను.

ఒక మధ్యాహ్నం పాట పాడుకుంటూ అల్లుతున్నాను. పాట అయిపోయాక పాయ ఇవ్వమందామని పక్కకు చూస్తే, మా అత్త రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. "నేను ఇడిసి శానా సేపాయె బిడ్డా" అంది. మూడో పాయ నా ఎడమ చేతిలో ఉంది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

జంపఖానా పూర్తయ్యేసరికి ఇద్దరు మోస్తే గాని కదలనంత బరువైంది. ఒక కొస నేను, ఒక కొస మా అత్త పట్టుకుని మందిరానికి తెచ్చాం. నేలంతా సాపుగా పరిచి, ఇక ఆమె వెళ్లిపోతుందనుకున్నాను. ఆమె చెప్పులు విడిచి వచ్చి దాని మధ్యలో కూర్చుంది. "నేను పట్టిన జడ గాదా, నేను కూసోవద్దా" అంది.

నా వేళ్లు నాకిచ్చిన దేవునికి వందనాలు. దేన్నో బిగబట్టుకుని అలసిపోయిన వారెవరైనా ఇది చదువుతుంటే, కొంచెం వదిలి ఆయన చేతికివ్వండి, వచ్చే ఆదివారం మా మందిరానికి రండి. జంపఖానా చాలా పెద్దది, మా అత్త పక్కన ఇంకా చోటుంది.